శాలువా కింద చేతులు

ఆళ్లగడ్డలో నాకు సన్మానం జరిగి ఏడాది దాటింది. ఆ ఫొటో మా కాలేజీ ఆఫీసు గదిలో గోడకు తగిలించి ఉంది. రిజిస్టరులో సంతకం పెట్టడానికి ఆ గదిలోకి వెళ్లినప్పుడల్లా ఆ గోడకు వీపు పెట్టి నిలబడతాను. కొత్తగా చేరినవాళ్లు ఎవరైనా "ఇది మీరే కదా మేడమ్" అంటే వినబడనట్టు ఉంటాను.

మా తమ్ముడికి పుట్టుకతోనే వినికిడి లేదు. ఆళ్లగడ్డలో విగ్రహాలు చెక్కే షెడ్డులో రాతికి నునుపు పట్టే పని చేస్తాడు. వాడి భార్యకూ వినబడదు. ఇద్దరూ ఒకే బడిలో చదివి, ఇష్టపడి చేసుకున్నారు. నేను నంద్యాలలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో కంప్యూటర్ ల్యాబు చూసుకుంటాను. మా ఇంట్లో చేతులతో మాట్లాడటం అమ్మకూ నాయనకూ కొంచెం కొంచెమే వచ్చు. చిన్నప్పటి నుంచీ వాడితో పోట్లాడి, ఆడి, చాడీలు చెప్పుకుని పెరిగినదాన్ని కాబట్టి నాకు బాగా వచ్చు. అందుకని వాళ్లకు బ్యాంకులో పనిబడినా, ఆసుపత్రికి పోవాలన్నా మధ్యలో మాట అందించడానికి నేనే వెళ్లాలి. బస్సు దారిలో శిరివెళ్ల దాటుతుండగానే కాలేజీ నుంచి ఫోను వచ్చేది, "మేడమ్, ల్యాబులో సిస్టమ్‌లు ఆన్ కావడంల్యా, యాడుండారు?" అని.

ఫోనులో వీడియో కాల్ చేస్తే సరిపోతుంది కదా అనుకోవచ్చు. చేసి చూశాం. తమ్ముడు ఫోనును బ్యాంకు గుమాస్తా వైపు తిప్పితే వాడికి నేను కనబడను. తన వైపు తిప్పుకుంటే అద్దం అవతలున్న గుమాస్తా మాట నాకు అందదు. గుమాస్తాను కూడా కాల్‌లో కలుపుదామంటే ఆయన తన నంబరు ఎందుకిస్తాడు?

దీనికి దారి వెతుకుతుంటే ఒక సాఫ్ట్‌వేర్ దొరికింది. బ్రౌజర్‌లో ఒక లింకు తెరిస్తే చాలు, ముగ్గురూ మూడు గళ్లలో కనబడతారు, మాట్లాడుకుంటారు. యాప్ ఏదీ ఎక్కించుకోనక్కర్లేదు, నంబరు ఇవ్వనక్కర్లేదు. గుమాస్తా తన బల్ల మీదున్న కంప్యూటరులో లింకు తెరుస్తాడు, తమ్ముడు తన ఫోనులో, నేను ల్యాబులో. అంతకంటే పెద్ద విశేషం, దాన్ని రాసినవాళ్లు తమ కోడ్ మొత్తం లోకానికి తెరిచిపెట్టారు. ఎవరైనా తీసుకోవచ్చు, మార్చుకోవచ్చు. ఎక్కడెక్కడి దేశాలవాళ్లో తమ ఉద్యోగాలు తాము చేసుకుంటూ, తీరిక దొరికినప్పుడు దీన్ని బాగుచేస్తూ ఉంటారు. నేను చేసిందల్లా ఒక చిన్న సర్వర్ అద్దెకు తీసుకుని, వాళ్లు రాసిపెట్టిన సూచనల ప్రకారం దాన్ని అందులో పెట్టుకోవడం. వంట పుస్తకం చూసి ఉప్మా చేసినట్టు. అదీ మొదటిసారి అడుగంటింది.

బ్యాంకులో బాగానే పనిచేసింది. ఆ ఎండాకాలం తమ్ముడికి దగ్గు పట్టుకుంది. ఎంతకీ తగ్గకపోతే ఆళ్లగడ్డలోనే ఒక చిన్న ఆసుపత్రికి వెళ్లాడు. డాక్టరు మంచాయన. లింకు తెరవడానికి విసుక్కోలేదు. ఎక్స్‌రే తీశారు. ఆయన దాన్ని వెలుతురుకు పట్టి చూస్తూండగా నా తెరమీద తమ్ముడి గడి బిగుసుకుపోయి, నల్లబడింది. నెట్‌వర్క్ బలంగా లేదు కాబట్టి మాట తెగిపోకుండా వీడియో ఆపుతున్నామని కింద ఒక వాక్యం వచ్చింది. డాక్టరు గడి కూడా ఆరిపోయింది. ఆయన గొంతు మాత్రం పక్కన కూర్చున్నంత స్పష్టంగా వినబడుతోంది.

"బొమ్మ పోయింది మేడమ్, మీ మాట మాత్రం బాగా వస్తాండాది. చెప్పేదా?"

"చెప్పండి సార్."

"ఊపిరితిత్తుల్లో రాతి దుమ్ము చేరతాండాది. ఇప్పటికిప్పుడు భయపడాల్సింది ల్యా. కానీ ఈ పని మాన్పించండి. వేరే ఏందైనా చూసుకోమనండి."

"మాన్పిస్తాను సార్."

"మందులు రాసిస్తా. నెల పోయినాక మళ్లీ పంపించండి."

"అట్లనే సార్. నేను చెప్తాలే."

ఒకరికొకరం కృతజ్ఞతలు చెప్పుకుని కాల్ ముగించాం. పని సజావుగా అయిపోయిందని నేను ల్యాబులో పిల్లల దగ్గరికి వెళ్లిపోయాను.

తర్వాతి ఆదివారం నేను చర్చి నుంచి వచ్చేసరికి తమ్ముడు మా ఇంటి గుమ్మంలో కూర్చుని ఉన్నాడు. మంచినీళ్లు కూడా తాగకుండా అడిగాడు, చేతులతో.

"డాక్టరు నీతో ఏం చెప్పినాడు?"

చెప్పాను. రాతి దుమ్ము సంగతి, పని మానేయాలన్న సంగతి.

"దానికి నువ్వేమన్నావు?"

"సరే అన్నాను."

వాడు లేచాడు. బల్ల మీదున్న నా ఫోను తీసుకుని, రెండు చేతులతో ఛాతీ ముందర చాచి పట్టుకుని, కదలకుండా నిలబడిపోయాడు. కళ్లు కూడా ఆర్పలేదు. ఏమిట్రా ఇది అని నేను చేయి ఊపినా కదల్లేదు. చాలాసేపటికి ఫోను బల్ల మీద పెట్టి చెప్పాడు.

"ఆడ నేను చేసింది ఇదే. ఫోను పట్టుకునే స్టాండు. డాక్టరు నోరు ఆడతాండాది, తల ఊపుతాండాడు. ఫోనులో ఏమీ ల్యా. నా పని, నా రొమ్ము. సరే అనేదానికి నువ్వెవరు?"

వాడి ముందర కూర్చుని నేల చూశాను. నేల చూస్తే వాడు చెప్పేది నాకు కనబడదు. అది మా ఇంట్లో చిన్నప్పటి నుంచీ అందరికీ తెలిసిన మోటుతనం, చెవులు మూసుకున్నట్టే లెక్క. వాడు వంగి నా గడ్డం పట్టుకుని మొహం పైకెత్తాడు. "చూడు," అన్నాడు. చూశాను. అన్నం తిని బస్సుకు వెళ్లిపోయాడు.

ఆ సాఫ్ట్‌వేర్ తయారుచేసేవాళ్లు కష్టసుఖాలు చెప్పుకునే ఒక ఫోరం ఉంది. నేను అందులో ఎప్పుడూ ఏమీ రాయలేదు. ఆ వారం రాశాను. నెట్‌వర్క్ తగ్గితే మీ సాఫ్ట్‌వేర్ బొమ్మ ఆపి మాట నిలుపుతోంది, మా తమ్ముడికి వినబడదు, మాకు మాట పోయినా ఫర్వాలేదు, బొమ్మ నిలవాలి అని. నా ఇంగ్లీషు అంతంతమాత్రం. సూచనలు సరిగా చదవండి అని ఎవరో కసురుతారనుకున్నాను.

జవాబు ఒక పెద్దాయన నుంచి వచ్చింది. "దీన్ని రాసిన రోజున ఇలాంటి మనిషి ఒకరు ఉంటారని మాకెవరికీ తోచలేదు. మన్నించండి. మీ తమ్ముడు నాతో కాసేపు కూర్చోగలరా?" అని.

అలా ఆదివారం మధ్యాహ్నాలు వాళ్లిద్దరూ కూర్చోవడం మొదలైంది. తమ్ముడు ఆ వంకతో నంద్యాల వచ్చేవాడు. తెరమీద తెల్లగడ్డం ఆయన. ఆయన వెనక కిటికీలో అప్పుడే తెల్లవారుతూ ఉండేది. ఆయనకు తెలుగు రాదు, మా సైగలు రావు. తమ్ముడికి ఇంగ్లీషు రాదు. ఆయన కావాలనే లైను బలం తగ్గిస్తూ పోతాడు. తమ్ముడు వేళ్లతో ఏదో ఒకటి చెబుతాడు, ఆయన వేళ్లు చూసి అదే తిరిగి చేస్తాడు. అర్థమైతే వీడు బొటనవేలు పైకెత్తుతాడు, చెదిరిపోతే కిందికి దించుతాడు. మొదటి రోజు నేను మధ్యలో ఉండి ఇటుది అటు, అటుది ఇటు చెప్పాను. తర్వాత వాళ్లకు నా అవసరం పోయింది. పక్కన కూర్చుని శనక్కాయలు ఒలుచుకునేదాన్ని.

అలా తేలిందేమిటంటే, సైగలకు బొమ్మ స్పష్టంగా ఉండాల్సిన పనిలేదు. మొహం మసకబారినా ఫర్వాలేదు, వేళ్లు మాత్రం ఆగకూడదు. అంతవరకూ ఆ సాఫ్ట్‌వేర్ లైను తగ్గినప్పుడు మొదట మాటను కాపాడుకునేది, బొమ్మ ఉన్నా వేళ్లు ఒకచోటి నుంచి ఇంకోచోటికి ఎగిరినట్టు పడేవి. పెద్దాయన దాన్ని తిరగేశాడు. కావాలనుకున్నవాళ్లు ఒక్కచోట నొక్కితే చాలు, లైను ఎంత తగ్గినా వేళ్లు ఆడుతూనే ఉంటాయి, గొంతు పోతే పోతుంది. ఆ మార్పును అందరికీ అందేలా అసలు సాఫ్ట్‌వేర్‌లోనే కలిపారు. నేను దాన్ని తెచ్చి మా సర్వర్‌లో పెట్టాను.

తమ్ముడు మళ్లీ డాక్టరు దగ్గరికి వెళ్లాడు. లైను అప్పుడూ బాగాలేదు. డాక్టరు గొంతు నాకు తెగి తెగి వస్తోంది. "సార్, సరిగా వినపడల్యా, మళ్లీ చెప్పండి" అని ఈసారి అడగాల్సింది నేనైంది. తమ్ముడు మసగ్గా, కానీ ఆగకుండా అడుగుతున్నాడు. వాడు అడిగినదాన్నే నేను పలికాను. "రాయిని తడిపి నునుపు పడితే దుమ్ము లేయదు కదా సార్?"

డాక్టరు ఆలోచించాడు. "లేయదు. మీ షెడ్డులో అట్ల చేయనిస్తారా?"

"అడుగుతా."

అడిగాడు. షెడ్డు యజమాని నీళ్ల గొట్టం వేయించాడు. మూతికి మాస్కు పెట్టుకుని వాడు ఆ పనిలోనే ఉన్నాడు. దగ్గు పూర్తిగా పోలేదు, పెరగనూ లేదు. ఎక్స్‌రే తీయించుకోవడానికి వాడే వెళ్తాడు, వాడే మాట్లాడుకుంటాడు, నేను తెరమీంచి మాట అందిస్తాను, అంతే.

ఆ డాక్టరు ఊళ్లో నలుగురికీ చెప్పాడు. అవుకు నుంచి, నందికొట్కూరు నుంచి వినబడని పిల్లలున్నవాళ్లు లింకు అడగడం మొదలుపెట్టారు. ఆ మాట ఆళ్లగడ్డ వర్తక సంఘం అధ్యక్షుడి దాకా పోయింది. బట్టల కొట్టు ఆయన. ఒకరోజు నేరుగా మా ప్రిన్సిపాల్ గదికి వచ్చి నన్ను పిలిపించాడు.

"మూగోళ్లకు ఫోను కనిపెట్టిండే తల్లి నువ్వేనా అమ్మా?"

"నేను కనిపెట్టల్యా అన్నా. దాన్ని రాసినోళ్లు వేరే ఉండారు. నేను తెచ్చి పెట్టుకున్నా, అంతే."

ఆయన ప్రిన్సిపాల్ వైపు తిరిగి మురిసిపోయాడు. "చూస్తిరా సార్? చేసినోళ్లు ఎప్పుడూ ఇట్లనే అంటారు."

"మా స్టాఫ్ అంతా అంతేనండీ," అన్నాడు ప్రిన్సిపాల్.

ఆహ్వాన పత్రికలో నా పేరు కింద ఆవిష్కర్త అని వేశారు. ఫోను చేశాను. "అన్నా, ఆ మాట తీసేయండి. అది నిజం కాదు."

"కార్డులు అచ్చయిపోయినాయమ్మా. నువ్వు ఊరికే మొహమాటపడతాండావ్. ఆడపిల్ల ఇంత చేసిందని జనానికి తెలియాల్నా, వద్దా?"

కాలేజీ గేటుకు ఫ్లెక్సీ కట్టారు. ల్యాబులో అమ్మాయిలు "కోడింగ్ అంతా మీరే రాసినారా మేడమ్?" అంటే, రాయలేదమ్మా అన్నాను. "మాకు తెలుసులే మేడమ్," అని నవ్వుకున్నారు. కాదన్న కొద్దీ నా విలువ పెరుగుతోంది. ఇది కాక ఇంకొకటి, ఫ్లెక్సీలో నా మొహం బాగా పడింది. గేటు దగ్గర ఆటో దిగేటప్పుడు దానివైపు ఒకసారి చూసేదాన్ని. చూశానని నాకు తెలుసు కాబట్టి రాస్తున్నాను.

సన్మానం ఆళ్లగడ్డలో ఒక కళ్యాణమండపంలో. మొదటి రెండు వరసల్లో తమ్ముడు, వాడి భార్య, ఇంకా మా లింకు వాడే కుటుంబాలవాళ్లు. నన్ను వేదిక మీదికి పిలిచి, కుర్చీలో కూర్చోబెట్టి, భుజాల చుట్టూ శాలువా బిగించి కప్పారు. ఒక చేతిలో పళ్ల పళ్లెం పెట్టారు, రెండో చేతిలో జ్ఞాపిక. అధ్యక్షుడు మైకు అందుకున్నాడు.

కింద నుంచి తమ్ముడు అడిగాడు. "ఏం చెప్తాండాడు?"

వాడి పక్కన ఉన్నవాళ్లందరూ నా వైపు చూస్తున్నారు. ఒక చిన్నమ్మాయి తండ్రి భుజం తట్టి అడుగుతోంది, ఆయన నన్ను చూపిస్తున్నాడు. ఆ హాలులో అటు చెవులతో విని, ఇటు చేతులతో తడుముకోకుండా చెప్పగలిగేది నేనొక్కదాన్నే. నా చేతుల నిండా ఆపిల్ పళ్లు. వాళ్ల కోసమే జరుగుతున్న సభ అని మైకులో చెబుతున్నారు, ఆ మాట వాళ్లకు తప్ప అందరికీ అందుతోంది. ఆసుపత్రిలో ఫోను పట్టుకుని నిలబడినవాడు ఒక్కడు. ఇక్కడ రెండు వరసలు.

పళ్లెం కింద పెట్టాను. జ్ఞాపిక కుర్చీలో పెట్టాను. శాలువా చేతులకు అడ్డం వస్తోందని తీసేశాను. "మేడమ్, మేడమ్, శాలువా తీయొద్దు!" అని ఫొటోగ్రాఫరు కేకేశాడు. నేను అధ్యక్షుడి పక్కన నిలబడి ఆయన మాటలు చేతులతో చెప్పడం మొదలుపెట్టాను.

ఆయన అంటున్నాడు, "ఈ చెల్లెలు ఎంతో శ్రమపడి, సొంత తెలివితో ఈ సాఫ్ట్‌వేర్ కనిపెట్టింది." మధ్యలో మాట అందించేవాళ్లకు ఒకటే నియమం. ఎదుటి మనిషి ఏమంటే అదే చెప్పాలి, కలపకూడదు, తీసేయకూడదు. నా చేతులతో నేనే నన్ను చూపించుకుని, ఈమె కనిపెట్టింది అని చెప్పాను. అంతమంది ముందర బట్టల్లేకుండా నిలబడినట్టుంది.

తమ్ముడి కనుబొమలు ముడిపడ్డాయి. లేచి చేయెత్తాడు.

"ఏందమ్మా, మీ తమ్ముడు ఏందో అడుగుతాండాడు," అన్నాడు అధ్యక్షుడు మైకు నా చేతికిస్తూ. "మైకులో చెప్పు, అందరూ ఇంటారు."

వాడు అడిగింది నేను పలకాలి. అదే నియమం. పలికాను. "'అయితే ఆదివారాలు నాతో కూర్చున్నాడే, తెల్లగడ్డం ఆయన, ఆయనెవరు? చేసింది ఆయన కదా. మా అక్క పక్కన కూర్చొని శనక్కాయలు ఒలిచింది.'"

వెనక వరసల్లో ఎవరో ఫక్కున నవ్వారు. తమ్ముడు ఎగతాళికి అడగలేదు. ఎక్కడో పొరపాటు జరిగింది, సరిచేద్దామనుకున్నాడు. నేను నోటితోనూ చేతులతోనూ ఒకేసారి చెప్పడానికి ప్రయత్నించాను. రెండూ ఒకేసారి చేస్తే రెండూ సరిగా రావు. మా తమ్ముడు చెప్పింది నిజం, నేను రాయలేదు, రాసినవాళ్లు చాలామంది ఉన్నారు, మన కోసం మార్చింది ఆ పెద్దాయన అని తడబడుతూ చెప్పాను. ఈసారి ఎవరూ అణకువ అనలేదు.

అధ్యక్షుడు తేరుకున్నాడు. మంచి మనసున్నవాడే. "దాందేముంది, ఆయనకూ ఒక శాలువా కప్పుదాం. యాడుంటాడు?"

"తెలీదన్నా."

"పేరేంది?"

ఫోరంలో ఆయన పెట్టుకున్న పొట్టి ముద్దుపేరు తప్ప నాకేమీ తెలియదు. ఆ మాటే చెప్పాను.

"ఇన్ని దినాలు పని చేయించుకొని, పేరు కూడా అడగల్యా?"

ఆయన నన్ను నిలదీద్దామని అడగలేదు, నిజంగానే ఆశ్చర్యపోయాడు. ఆ రోజు మొత్తంలో నాకు తల తీసేసినట్టయింది అప్పుడే. మిగిలినదానికి ఎవరినో ఒకరిని అనుకోవచ్చు. కార్డులు అచ్చేసింది వాళ్లు, ఫ్లెక్సీ కట్టింది వాళ్లు. పేరు అడగనిది మాత్రం నేనే.

బస్టాండులో తమ్ముడు నా పక్కన నిలబడ్డాడు. "కోపమా?" అని అడిగాడు.

"లేదు. నేను వాళ్లకు ముందునుంచీ చెప్తానే ఉండా, నేను చేయల్యా అని. నమ్మలేదు."

"ఎవరికి చెప్పినావు?"

"ప్రిన్సిపాల్‌కు, అధ్యక్షుడికి, పిల్లోళ్లకు."

"నోటితో," అన్నాడు వాడు. "మాకెవరికీ చెప్పల్యా."

నంద్యాల బస్సు వచ్చింది. కిటికీలోంచి చేయి ఊపితే వాడూ ఊపాడు.

ఆ వారం ఫోరం ద్వారానే పెద్దాయనకు ఉత్తరం రాశాను. జరిగిందంతా రాసి, మీ పేరు చెప్పండి అని అడిగాను. చెప్పాడు. ఇక్కడ రాయడం ఆయనకు ఇష్టం ఉండదు. శాలువా వద్దన్నాడు. చేయాలనుంటే ఒక పని ఉందన్నాడు. సాఫ్ట్‌వేర్‌లో బటన్ల మీద ఉండే మాటల తెలుగు సగంలో ఆగిపోయి ఉంది, చూసే దిక్కు లేదు, మీరు చూస్తారా అని.

ఇన్నాళ్లూ దాన్ని ఇంగ్లీషులోనే వాడాను. తెలుగులో ఒకటి ఉందని కూడా చూడలేదు. తెరిచి చూస్తే, మైకు ఆపే 'మ్యూట్' బటన్‌కు ఎవరో 'మూగ' అని పెట్టి ఉన్నారు. ఎవరైనా మన మైకు ఆపితే 'మిమ్మల్ని మూగ చేశారు' అని వస్తుంది. అవుకు నుంచి, నందికొట్కూరు నుంచి మా లింకు తెరిచిన కుటుంబాల ఫోన్లు చాలావాటిలో భాష తెలుగే. వాళ్లు ఆ మాట ఎన్నిసార్లు చదివి ఉంటారో, ఎవరూ నాతో అనలేదు.

తమ్ముడికి చూపించాను. "ఇది ఎప్పటినుంచో అట్లనే ఉండాది," అన్నాడు. "నువ్వే పెట్టినావేమో అనుకున్నాం."

అది కూడా విన్నాను. ఆ మధ్యాహ్నమే వాడూ వాడి భార్యా నేనూ కూర్చుని 'మైకు ఆపు', 'మీ మైకు ఆపారు' అని మార్చి పంపాం. ఇప్పుడు ఆదివారాలు మిగిలిన మాటల పనిలో పోతున్నాయి. వాడి భార్యకు మాట ఎంపికలో నాకంటే పట్టుదల ఎక్కువ. ఒక్క మాట దగ్గర గంటలు కూర్చోబెడుతుంది.

మొన్న ఆళ్లగడ్డలో ఆ బట్టల కొట్టుకు వెళ్లాల్సి వచ్చింది. అధ్యక్షుడు నన్ను చూసి గద్దె మీదినుంచి లేచాడు. కొట్లో ఉన్న ఆడవాళ్లకు చూపిస్తూ, "ఈయమ్మే ఆ ఫోను..." అని ఆగాడు. ఆలోచించి, "ఆ ఫోను కనిపెట్టిండే ఆయన ఈయమ్మకు తెలుసు," అన్నాడు.

అది నిజమే. సరిచేయడానికి ఏమీ లేదు. అయినా, పేరు కూడా అడగల్యా అన్న ఆయన మాట గుర్తొచ్చి మొహం వేడెక్కిపోయింది. చీర మడత కూడా విప్పి చూడకుండా పైనున్నది ఒకటి తీసుకుని బయటికి వచ్చేశాను.